బెట్టను తట్టుకునే మొక్కజొన్న: విత్తనం ఎంతవరకు ఆదుకుంటుంది?

సంక్షిప్తంగా: బెట్టను తట్టుకునే మొక్కజొన్న నీళ్లు లేకుండా పండే పంట కాదు. పూతకు అటూ ఇటూ రెండు మూడు వారాలు వాన ముఖం చాటేస్తే నష్టాన్ని కొంత తగ్గించే పంట. ఆ గుణాన్ని పెంచే పద్ధతి దాదాపు యాభై ఏళ్లుగా తెలిసిందే. ఆ పనిని వేగంగా చేసే ఏర్పాటు ఇప్పుడు బెంగళూరుకు దగ్గర్లోనే ఉంది. మొక్కను ఏ నేలలో ఎంచారు, విత్తనాన్ని ఎవరు ఎంతకు అమ్ముతున్నారు అన్న దగ్గరే చిన్న రైతుకు లెక్క తేలడం లేదు.

బెంగళూరు దాటి చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా అనంతపురం వెళ్లినా, దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వెళ్లినా జులై, ఆగస్టు నెలల్లో రోడ్డు పక్కన ఎక్కువగా కనిపించేవి రాగి, మొక్కజొన్న. ఇవి సగం కన్నడం, సగం తెలుగు వినిపించే ఊళ్లు. ఊళ్లో ఉన్న నాలుగెకరాల మెట్ట కౌలుకిచ్చి బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలు ఎన్నో. జూన్ రాగానే వాళ్లకు ఫోన్ వస్తుంది: "అన్నా, బెట్టకు తట్టుకునే సీడు వచ్చిందంట, ఏద్దామా?"

ఈ ప్రశ్న వెనక రెండు మూడు అనుమానాలు కలిసిపోయి ఉంటాయి. ఇది జన్యుమార్పిడి విత్తనమా? వాన పడకపోయినా పండుతుందా? ధర ఎక్కువ పెట్టి కొంటే గిట్టుతుందా? మొదటిదానికి జవాబు సులువు. మన దేశంలో జన్యుమార్పిడి మొక్కజొన్న సాగుకు అనుమతి లేదు. అంగడిలో చట్టబద్ధంగా దొరికే బస్తా ఏదైనా మామూలు సంకరణంతో తయారైనదే. మిగతా రెండింటికీ జవాబు కావాలంటే మొక్క దగ్గర మొదలుపెట్టాలి.

జల్లు వస్తుంది, పీచు రాదు

మొక్కజొన్నలో మగపూత ఒకచోట, ఆడపూత ఒకచోట ఉంటాయి. కొనన ఉండే జల్లు మగపూత. నడుమ కణుపు దగ్గర కండె కడుతుంది. కండె కొన నుంచి వేలాడే పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు దారి. ఏ పోగు మీద పుప్పొడి పడలేదో బెండు మీద ఆ గింజ చోటు ఖాళీగా మిగిలిపోతుంది. రాగిలో, వరిలో మగ, ఆడ భాగాలు రెండూ ఒకే పువ్వులో ఉంటాయి కాబట్టి ఈ జత కుదరడమనే తలనొప్పి ఉండదు.

నీళ్లు సరిగా అందితే జల్లు పుప్పొడి రాల్చడం మొదలైన రెండు మూడు రోజుల్లో పీచు బయటికి వస్తుంది. బెట్ట తగిలినప్పుడు జల్లు తన టైముకు తాను వచ్చేస్తుంది, పీచు మాత్రం ఆలస్యమవుతుంది. పీచు సాగడానికి నీటి ఒత్తిడి కావాలి, ఆకుల నుంచి చక్కెర అందాలి. బెట్టలో రెండూ తగ్గుతాయి. ఆ కొరతలో మొక్క కండెను చివరి పీటకు నెడుతుంది. ఆలస్యం వారం దాటిందంటే పీచు వచ్చేనాటికి పుప్పొడి అయిపోతుంది. ఇప్పుడు సాగయ్యే హైబ్రిడ్లలో పొలమంతా ఒకే పోలికతో ఉంటుంది కాబట్టి జల్లులన్నీ ఇంచుమించు ఒకేసారి పూసి ఒకేసారి ముగిసిపోతాయి. పక్క మొక్క పుప్పొడి ఆదుకునే అవకాశమూ తక్కువే.

అలాంటి చేనులో ఆగస్టు మధ్యాహ్నం ఆకులు ఉల్లికాడల్లా చుట్టుకుని ఉంటాయి. జల్లు తడితే పసుపు పొడి రాలుతుంది. కింద కండె పొట్ట కనబడుతుంది గానీ దాని కొనన పీచు ఉండదు. పది రోజుల తర్వాత వాన పడితే ఆకులు విచ్చుకుని చేను మళ్లీ పచ్చబడుతుంది. రోడ్డు మీద పోయేవాళ్లకు పంట తేరుకున్నట్టే కనిపిస్తుంది. కోతప్పుడు పొర వలిస్తే బెండుకు ఒక పక్క అక్కడక్కడ గింజలు, రెండో పక్క అంతా బోడి.

కొరత నీటిదా, ఆహారానిదా అన్నది పరిశోధకులు వేరు చేసి చూశారు. 1990ల మొదట్లో అమెరికాలో, పూత సమయంలో నీళ్లు ఆపిన మొక్కల కాండంలోకి చక్కెర కలిసిన పోషక ద్రవాన్ని నేరుగా ఎక్కించారు. మామూలుగా రాలిపోవాల్సిన లేత గింజల్లో చాలావరకు నిలబడ్డాయి. అంటే మొక్క ఎండిపోవడం కంటే ముందే, చేతిలో ఉన్న చక్కెరను ఎవరికి పెట్టాలన్న పంపకంలో గింజ ఓడిపోతోంది. సంకరణం చేసేవాళ్లకు పట్టు దొరికింది ఈ పంపకం దగ్గరే.

బెట్టను తప్పించుకోవడం వేరు, తట్టుకోవడం వేరు. తొంభై రోజుల్లో కోతకొచ్చే స్వల్పకాలిక రకం బెట్ట వచ్చేలోపే పూత ముగించుకుంటే అది తప్పించుకోవడం. దానికి చెల్లించే మూల్యం, వానలు బాగున్న ఏడాదిలో నూట పది, నూట ఇరవై రోజుల రకం ఇచ్చేంత దిగుబడి రాకపోవడం. తట్టుకునే రకం బెట్టలో చిక్కుకున్నా పీచును టైముకు బయటికి తెస్తుంది. అంగట్లో ఈ రెండింటినీ కలిపి ఒకే మాటతో అమ్మేస్తుంటారు.

వాన పడని కాలంలో ఎంపిక

బెట్టలో ఎక్కువ పండిన మొక్కను ఏరి దాని విత్తనం పెంచుకుంటూ పోతే సరిపోదా? అక్కడే ఇబ్బంది. నీళ్లు తక్కువైనప్పుడు నేల తేడాలు పెద్దవైపోతాయి. ఒక మూల మట్టి జానెడు లోతు ఎక్కువుంటే అక్కడి మొక్క గొప్పదిగా కనిపిస్తుంది. నిజానికి గొప్పది నేల, మొక్క కాదు. పైగా వానాకాలంలో ట్రయల్ వేస్తే ఒక ఏడు బెట్ట పూతలో వస్తుంది, ఇంకో ఏడు మొలక దశలో వస్తుంది, మరో ఏడు అసలే రాదు.

ఈ ముడిని విప్పింది మెక్సికోలోని సిమిట్, అంటే అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రం. 1970ల మధ్యలో టుక్స్‌పెన్యో అనే ఉష్ణమండల మొక్కజొన్న సమూహాన్ని తీసుకుని వాన పడని శీతాకాలంలో త్లాల్తిసాపాన్ అనే చోట వేశారు. పూతకు కొంత ముందు తడులు ఆపేసి బెట్టను తామే సృష్టించారు. దిగుబడి ఒక్కటే చూడకుండా జల్లుకు, పీచుకు మధ్య ఎన్ని రోజుల తేడా ఉంది, చెట్టుకు ఎన్ని కండెలు నిలిచాయి, ఆకు ఎంతకాలం పచ్చగా ఉంది అన్నవి కూడా లెక్కేశారు. నేల తేడాలు దిగుబడిని మార్చినంతగా ఈ గుణాలను మార్చవు కాబట్టి మొక్క అసలు సత్తా వీటిలో స్పష్టంగా తెలుస్తుంది.

ఇలా ఎనిమిది విడతలు ఎంపిక చేశాక ఫలితాలు 1993లో ప్రచురితమయ్యాయి. ఒక్కో విడతకు హెక్టారుకు సుమారు వంద కిలోల చొప్పున దిగుబడి పెరిగింది. ఆశ్చర్యపరిచే సంగతి ఇంకొకటి ఉంది. ఎంపికైన మొక్కలు నేల నుంచి ఎక్కువ నీళ్లేమీ తోడుకోలేదు. పైపొరలో వాటి వేళ్లు తగ్గాయి కూడా. జల్లు చిన్నదైంది, మిగిలిన ఆహారం కండెకు వెళ్లింది, పీచు త్వరగా వచ్చింది. బెట్టను తట్టుకునే విత్తనం అనగానే లోతైన వేళ్లే అందరికీ గుర్తొస్తాయి గానీ, తొలి పెద్ద విజయం వచ్చింది వేళ్ల నుంచి కాదు, పంపకం నుంచి.

1990ల చివర్లో సిమిట్ జింబాబ్వే రాజధాని హరారే కేంద్రంగా దీనికి ఇంకో అడుగు జోడించింది. చిన్న రైతు పొలంలో నీటి కొరతతో పాటు నత్రజని కొరత కూడా ఉంటుంది. అప్పటిదాకా ట్రయల్ మడులకు నిండుగా యూరియా వేసి రకాలను ఎంచేవారు. ఎరువు తగ్గించిన మడుల్లోనూ, నీళ్లు ఆపిన మడుల్లోనూ ఎంచడం మొదలుపెట్టాక ఆ హైబ్రిడ్లు కంపెనీ హైబ్రిడ్ల కంటే ఎక్కడ బాగా ముందున్నాయో తేలింది: హెక్టారుకు 2 నుంచి 5 టన్నులు పండే పొలాల్లో. అంతకంటే బాగా పండే పొలాల్లో తేడా తగ్గుతూ వచ్చింది. కర్ణాటక వర్షాధార మొక్కజొన్న పండేది ఎక్కువగా ఆ 2–5 టన్నుల మధ్యనే. ఆ అనుభవం మీదే 2007లో ఆఫ్రికాలో ఒక పెద్ద ప్రాజెక్టు మొదలై, 2015 నాటికి 13 దేశాల్లో 200కు పైగా రకాలు విడుదలయ్యాయి.

కుణిగల్‌లో గింజలు ఏరే బల్ల

బెంగళూరు నుంచి హాసన్ దారిలో వచ్చే కుణిగల్‌కు గుర్రాల ఫారంతో పేరు. తుమకూరు జిల్లాలోని ఆ ఊళ్లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి పరిశోధన కేంద్రం ఉంది. సిమిట్‌తో కలిసి అక్కడ 2021 డిసెంబరులో 'డబుల్డ్ హాప్లాయిడ్' కేంద్రాన్ని ప్రారంభించారు. పేరు నోరు తిరగనిదే అయినా పని అర్థం చేసుకోదగ్గదే.

హైబ్రిడ్ కావాలంటే ముందు రెండు శుద్ధమైన తల్లిదండ్రుల లైన్లు, అంటే తరతరానికీ అచ్చంగా ఒకేలా వచ్చే మొక్కల వంశాలు కావాలి. మామూలు పద్ధతిలో ఒక మొక్క పుప్పొడిని దాని పీచుకే వేస్తూ ఆరేడు తరాలు గడిస్తే గానీ లైన్ శుద్ధం కాదు. ఏడాదికి రెండు పంటలు వేసినా మూడేళ్లు పైనే. కుణిగల్‌లో వాడే పద్ధతిలో ఆ పని ఇంచుమించు రెండు సీజన్లలో అయిపోతుంది.

మొక్కజొన్న కణంలో 20 క్రోమోజోములుంటాయి, సగం తల్లివి, సగం తండ్రివి. 'ఇండ్యూసర్' అనే ప్రత్యేక లైన్ పుప్పొడిని వేస్తే కొన్ని గింజల్లో తండ్రి వాటా నిలవదు, తల్లివి పది మాత్రమే మిగులుతాయి. మంచి ఇండ్యూసర్‌తో ఇలాంటివి నూటికి ఎనిమిది, పది వస్తాయి. వాటిని కనిపెట్టేందుకు ఇండ్యూసర్‌లోనే ఒక రంగు గుర్తు పెట్టారు. ఏరేవాళ్లు బల్ల మీద గింజలు పోసుకుని ఒక్కోదాన్నీ తిప్పి చూస్తారు. గింజ తల మీద, లోపలి మొలక మీద రెండుచోట్లా ఊదా మచ్చ ఉంటే అది మామూలు గింజ. తల ఊదా, మొలక తెలుపు అయితే కావాల్సింది అదే. ఆ మచ్చ కొన్ని గింజల్లో స్పష్టంగా ఉంటుంది, కొన్నిట్లో లేతగా ఉండి సతాయిస్తుంది.

ఏరిన గింజలను మొలకెత్తించి లేత మొలకలను కాల్చిసిన్ ద్రావణంలో ఉంచితే పది క్రోమోజోములు రెట్టింపై మళ్లీ ఇరవై అవుతాయి. రెండు సగాలూ అచ్చంగా ఒకటే కాబట్టి ఆ మొక్క నూటికి నూరు పాళ్లు శుద్ధం. కాల్చిసిన్ విషం. చేతికి తొడుగులు, వాడిన ద్రావణం పారబోతకు ప్రత్యేక ఏర్పాట్లు కావాలి. ఈ దశలోనే చాలా మొలకలు చచ్చిపోతాయి. బతికినవాటిలో కూడా కొన్నే గింజ కడతాయి. ప్రతి చిన్న కంపెనీ సొంతంగా ఈ ఏర్పాటు పెట్టుకోలేదు. ఉమ్మడి కేంద్రం అవసరం అందుకే వచ్చింది.

ఇది ఇచ్చేది వేగం మాత్రమే. లైన్లు వందల్లో తయారైనా వాటిలో బెట్టకు ఆగేవి ఏవో ఈ పద్ధతి చెప్పదు. అది తేలాల్సింది మళ్లీ నీళ్లు ఆపిన మడిలోనే. తయారీ ఎంత వేగం పుంజుకుంటే పరీక్ష మడుల మీద అంత భారం పడుతుంది. డబ్బు మాత్రం చాలాసార్లు ముందుగా భవనాలకే దొరుకుతుంది, మడులకు కాదు.

జన్యుమార్పిడి ప్రస్తావన ఎందుకొస్తోంది

2008లో ఆఫ్రికా కోసం మొదలైన ఇంకో ప్రాజెక్టులో సిమిట్‌తో పాటు మోన్‌శాంటో కంపెనీ కూడా భాగస్వామి. ఒక నేల బ్యాక్టీరియా నుంచి తీసిన జన్యువును మొక్కజొన్నలో చొప్పించిన రకానికి అమెరికా 2011లో అనుమతి ఇచ్చింది. దాని ప్రయోజనం ఓ మోస్తరు బెట్టలోనే కనిపించింది, తీవ్ర కరువులో పెద్దగా లేదు. ఆ జన్యువుతో పాటు పురుగును, కలుపుమందును తట్టుకునే గుణాలు కలిపిన రకాన్ని దక్షిణాఫ్రికా నియంత్రణ సంస్థ 2018లో తోసిపుచ్చింది. బెట్టను తట్టుకుంటుందనడానికి ఇచ్చిన సమాచారం చాలదన్నది ఒక కారణం.

మన దగ్గర అయోమయం పెరిగింది 2025 మే నెలలో. జన్యు సవరణతో తయారైన రెండు వరి రకాలను కేంద్రం ప్రకటించింది: హైదరాబాద్‌లో రూపొందిన డీఆర్‌ఆర్ ధాన్ 100 (కమల), ఢిల్లీలో రూపొందిన పూసా డీఎస్‌టీ రైస్ 1. ఆ వార్తలు, బెట్ట మొక్కజొన్న ప్రచారం చాలామంది బుర్రల్లో కలగలిసిపోయాయి. జన్యు సవరణ అంటే మొక్కలో ఉన్న జన్యువునే సరిదిద్దడం, జన్యుమార్పిడి అంటే బయటి జన్యువును చొప్పించడం. అంగట్లో ఉన్న మొక్కజొన్న ఈ రెండూ కాదు. బెట్టకు ఆగడమన్నది ఒక్క జన్యువు చేతిలో ఉన్న పని కాదు, ఎన్నో చిన్న చిన్న జన్యువుల ఉమ్మడి పని. ఎంపిక దారి నెమ్మదిగా సాగినా ఇప్పటిదాకా ఎక్కువ ఫలితమిచ్చింది అదే.

ట్రయల్ మడి నుంచి మెట్ట చేను దాకా

కోలారు, చిక్కబళ్లాపురం ఎర్ర నేలలు లోతు తక్కువ. చాలాచోట్ల అడుగున గట్టి పొర ఉంటుంది. లోతుకు వేరు దింపే రకం నల్లరేగడిలో గెలుస్తుంది. ఇక్కడ ఆ వేరు గట్టిపొరకు తగిలి ఆగిపోతుంది. హావేరి, ధార్వాడ నల్ల నేలల్లో మంచి పేరు తెచ్చుకున్న హైబ్రిడ్ చింతామణిలో మామూలుగా మిగిలిపోవడానికి ఇదొక కారణం.

వాన తీరు కూడా వేరు. బెంగళూరు తూర్పు మెట్టలో ఎక్కువ వాన సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది. జూన్‌లో వేసిన పంట ఆగస్టులో పూతకొస్తుంది, వానల మధ్య ఖాళీ తరచు వచ్చేదీ అప్పుడే. జులై చివర్లో వేస్తే పూత సెప్టెంబరు వానల్లో పడుతుంది. అయితే గింజ ముదిరేటప్పుడు ఎక్కువ తేమ, రోగాలు. ఒక్కోసారి విత్తనం మార్చడం కంటే విత్తే తేదీని పదిహేను రోజులు జరపడం ఎక్కువ మేలు చేస్తుంది. ఈ సంగతి బస్తా మీద ఉండదు. ఉన్నా అమ్మేవాళ్లకు దానివల్ల లాభం లేదు.

వేడి ఇంకో సంగతి. చిక్కబళ్లాపురం సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంటే రాయచూరు దాదాపు 400 మీటర్లలో ఉంది. చల్లటి చోట ఎంచిన లైన్‌కు వేడిలో పుప్పొడి చచ్చిపోయే బలహీనత ఉన్నా బయటపడదు. అందుకే రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిమిట్ వాళ్లతో కలిసి విడిగా వేడి కోసం పనిచేసి ఆర్‌సీఆర్‌ఎంహెచ్ 2 వంటి హైబ్రిడ్ తెచ్చింది. బెట్ట, వేడి కలిసి వచ్చినప్పుడు నిలబడే లైన్లు, విడివిడిగా నిలబడే లైన్లు ఒకటే కానవసరం లేదు. ఇక వానాకాలం పంటకు మోకాలెత్తులో ఉండగా నీళ్లు నిలిచి, నెల తిరక్కుండానే బెట్ట తగలడం మామూలే. వాన పడని కాలంలో చేసే ట్రయల్‌లో ఈ జంట దెబ్బ రాదు.

2018లో దేశంలో మొదట శివమొగ్గలో కనిపించిన కత్తెర పురుగు మరో మెలిక. బెట్టలో మొక్క ఎదుగుదల మందగిస్తే మొవ్వులోని పురుగు ఆ మొవ్వునే ఎక్కువ రోజులు తింటుంది. పూత తర్వాత బెట్ట పడితే కాండం కుళ్లు వచ్చి చేను పడిపోతుంది. పీచు టైముకు తెచ్చుకున్న విత్తనం ఈ రెండింటి ముందూ నిస్సహాయమే.

పాడి మీద బతికే కోలారు వైపు చొప్ప విలువ గింజ విలువకు పెద్దగా తీసిపోదు. పాడి రైతులు 'ఆఫ్రికన్ టాల్' వంటి మేత రకాలను విడిగా వేసుకుంటారు, సైలేజీకీ (పులియబెట్టి నిల్వచేసే పచ్చిమేత) గిరాకీ ఉంది. గింజ ముదిరాక కూడా ఆకు పచ్చగా నిలిచే గుణం బెట్ట రకాల్లో ఎలాగూ ఎంచుతారు. అది పశువుల మేతకూ పనికొస్తుంది. గింజ పోయిన ఏడాదిలో చొప్ప దక్కినా పాల డబ్బులు ఆగవు. అయినా రకాలను విడుదల చేసే లెక్కలో గింజకున్న బరువు చొప్పకు లేదు. చిన్న రైతు దృష్టిలో చూస్తే ఇది చిన్న లోపం కాదు.

బస్తా ధరలో ఏముంది

దేశంలో అమ్ముడయ్యే హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనంలో పెద్ద భాగం ఆంధ్ర, తెలంగాణ పొలాల్లో నీటి వసతి కింద తయారవుతుంది. ఆడ వరుసలు, మగ వరుసలు వేసి, ఆడ వరుసల్లో జల్లులు పుప్పొడి రాల్చకముందే కూలీలతో పీకిస్తారు. ఇప్పుడు మన దగ్గర నడిచేవి ఎక్కువగా రెండు శుద్ధమైన లైన్లను కలిపిన సింగిల్ క్రాస్ హైబ్రిడ్లు. వీటిలో ఆడ మొక్క శుద్ధమైన లైన్. శుద్ధమైన లైన్ అంటే బక్కపలచని మొక్క, చిన్న కండె, ఎకరాకు తక్కువ విత్తనం. ధర పెరిగేది అక్కడే. ఎకరాకు సుమారు 8 కిలోల విత్తనం పడుతుంది. వాన నమ్మకం లేని చోట ఇంత పెట్టుబడి విత్తిన రోజే పెట్టేయాలి.

త్రీ-వే క్రాస్‌లో ఆడ మొక్కే ఒక హైబ్రిడ్. అది బలంగా పెరిగి ఎక్కువ విత్తనం ఇస్తుంది కాబట్టి బస్తా చౌకగా వస్తుంది. చేను కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటుంది, దిగుబడి ఓ మెట్టు తగ్గొచ్చు. ఆఫ్రికాలో చిన్న రైతుల కోసం ఎక్కువగా ఎంచుకున్నది ఈ దారినే. 1957లో అఖిల భారత మొక్కజొన్న పథకం మొదలై 1961లో గంగా 1, గంగా 101, రంజిత్, దక్కన్ విడుదలైనప్పుడు మన తొలి హైబ్రిడ్లు కూడా చౌక విత్తనం ఇచ్చే డబుల్ క్రాస్‌లే, అంటే రెండు హైబ్రిడ్లను కలిపినవే. ఎగుడుదిగుడు చేనులో పూత కొన్ని రోజుల పాటు సాగుతుంది, బెట్టలో అది కొంత కలిసొస్తుంది కూడా. కానీ డీలరు అంగడి ముందు పేర్చిన కండెలన్నీ ఒకే సైజులో ఉంటేనే రైతు చెయ్యి పడుతుంది.

హైబ్రిడ్ పండించిన గింజనే మరుసటి ఏడు విత్తితే దిగుబడి మూడో వంతు దాకా పడిపోవచ్చు. రెండు మూడేళ్లు సొంత విత్తనం వాడుకోదగ్గవి కాంపోజిట్లు (ఎన్నో లైన్లను కలిపి పెంచిన రకాలు), అవి మొదటి ఏడు హైబ్రిడ్ కంటే వెనకబడే ఉంటాయి. పెట్టుబడి బొత్తిగా లేని ఇంటికి ఆ వెనకబాటు కంటే అప్పు లేకపోవడమే ముఖ్యం కావచ్చు. కంపెనీకి మాత్రం కాంపోజిట్ అంటే ఒకసారి అమ్మి మూడేళ్లు ఖాళీగా కూర్చోవడం.

బెట్టను తట్టుకునే గుణానికి ఇంకో ఇబ్బంది ఉంది. అది ప్రతి ఏటా కంటికి కనబడదు. వానలు బాగున్న ఏడాది మామూలు హైబ్రిడ్‌కీ దీనికీ తేడా తెలియదు, బెట్ట ఏడాదిలో 'అంతా పోయింది' బదులు 'సగం దక్కింది' అవుతుంది. సగం దక్కిన చేనును చూసి పక్క రైతు ఆ విత్తనం కొనడు. కంపెనీ డెమో ప్లాటుకు నీళ్లు కడతారు, పెద్ద కండె చూపిస్తారు, అదే అమ్ముడుపోతుంది. ఆసియాలో సిమిట్ 2010లో సభ్యత్వ రుసుముతో ఒక కూటమి పెట్టి చిన్న, మధ్యతరహా కంపెనీలకు ముందుగానే లైన్లు అందిస్తోంది. లైన్లు చేరుతున్నాయి. వాటితో తయారైన హైబ్రిడ్‌ను ఏ రైతుకు అమ్మాలన్నది మాత్రం కంపెనీ లెక్కే, ఆ లెక్కలో బోరున్న రైతు ముందుంటాడు. ఈ ఖాళీని పూరించాల్సినవి మండ్య పరిశోధన కేంద్రం ఇచ్చిన 'హేమ' వంటి విశ్వవిద్యాలయ హైబ్రిడ్లు, సబ్సిడీ విత్తనం ఇచ్చే రైత సంపర్క కేంద్రాలు. అక్కడ పేచీ విత్తనం ఎంత పండుతోంది, తొలకరికి ముందే చేరుతోందా అన్న దగ్గర.

రాగి ఉండగా మొక్కజొన్న ఎందుకు?

ఈ ప్రశ్న తప్పించుకోలేనిది. రాగి పిలకలు వేస్తుంది. ఒక పిలక బెట్టకు చిక్కినా తర్వాతి వానకు ఇంకోటి కంకి తీస్తుంది. మొక్కజొన్నకు ఒక్కటే అవకాశం. మద్దతు ధర చూసినా 2025–26లో రాగి క్వింటాలు రూ.4,886, మొక్కజొన్న రూ.2,400. బెట్ట ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే చాలా పొలాల్లో సరైన జవాబు మెరుగైన మొక్కజొన్న కాదు, రాగే.

రైతు లెక్కలో బెట్ట ఒక్కటే లేదు. రాగికి కలుపు, కోత, నూర్పిడి, అన్నిటికీ కూలీలు కావాలి. బెంగళూరు కట్టడాల పనులకు ఊళ్లు ఖాళీ అయ్యాక ఆ కూలీ దొరకడం కష్టమైంది. మొక్కజొన్నకు పని తక్కువ, ఎకరాకు గింజ ఎక్కువ, కోళ్ల దాణా వ్యాపారి కళ్లం దగ్గరికే వస్తాడు. 2023 చివర చెరకు రసంతో ఇథనాల్ తయారీపై ఆంక్షలు వచ్చాక మొక్కజొన్న వైపు డిస్టిలరీలు కూడా మళ్లాయి. ఆ గిరాకీని నమ్మి విస్తీర్ణం పెరిగింది. 2025 నవంబరులో కర్ణాటక మార్కెట్లలో ధర మద్దతు ధర కంటే బాగా కిందికి పడి రైతులు రోడ్డెక్కారు. బెట్టను గెలిచిన పంట ధర దగ్గర ఓడిపోతే విత్తనాన్ని తప్పుపట్టలేం.

ఇందులో దాగిన ప్రమాదం ఒకటుంది. బెట్టకు ఆగుతుందన్న ధీమాతో ఇప్పటిదాకా రాగి, ఉలవ వేసే పలచని చెలకల్లోకి కూడా మొక్కజొన్న పోవచ్చు. 2023లో కర్ణాటక 236 తాలూకాల్లో 223ని కరువు తాలూకాలుగా ప్రకటించింది. అలాంటి ఏడాదిలో పూతకు ముందే మొక్క ఎండుతుంది. పీచు త్వరగా తెచ్చే గుణానికి అక్కడ పనే ఉండదు.

విత్తనం ఆగిన చోట బీమా

విత్తనం కాపాడే బెట్టకు, కాపాడలేని కరువుకు మధ్య గీత ఎక్కడుందో టాంజానియా, మొజాంబిక్‌లలో జరిగిన ఒక ప్రయోగం బాగా చూపించింది. కొందరు రైతులకు బెట్టను తట్టుకునే విత్తనం ఒక్కటే ఇచ్చారు, కొందరికి దానితో పాటు తీవ్ర నష్టం వస్తే తర్వాతి సీజన్‌కు ఆదుకునే బీమా జోడించారు. విత్తనం కూడా తట్టుకోలేని దెబ్బ తగిలాక మొదటివాళ్లలో చాలామంది ఆ విత్తనాన్నే వదిలేశారు. బీమా ఉన్నవాళ్లు నిలబడి, పెట్టుబడి పెంచారు కూడా. ఒడిశాలో ముంపును తట్టుకునే స్వర్ణ సబ్-1 వరి ఇచ్చినప్పుడూ ఇలాగే జరిగింది. ముంపు రాని ఏడాదిలో కూడా రైతులు ధైర్యంగా ఎరువు వేశారు. చిన్న రైతు దిగుబడి తక్కువగా ఉండటానికి బెట్ట ఎంత కారణమో, బెట్ట వస్తుందేమోనన్న టెన్షన్‌తో చేయి బిగబట్టుకోవడం అంత కారణం.

మన దగ్గర ఈ రెండూ ఉన్నాయి గానీ వేర్వేరు కిటికీల్లో ఉన్నాయి. విత్తనం డీలరు దగ్గరో, రైత సంపర్క కేంద్రంలోనో దొరుకుతుంది. ఖరీఫ్‌లో రైతు వాటాగా బీమా మొత్తంలో 2 శాతం కట్టే ప్రధానమంత్రి ఫసల్ బీమా బ్యాంకు దగ్గరో, సేవా కేంద్రం దగ్గరో ఉంటుంది. పరిహారం లెక్కించేది ఒక్కో పొలానికి కాదు, గ్రామ పంచాయతీ లేదా హోబళి (తాలూకాలో కొన్ని ఊళ్లు కలిసిన విభాగం) సగటు దిగుబడికి. పంచాయతీలో సగం మందికి బోర్లుంటే సగటు నిలబడుతుంది, వర్షాధార రైతుకు పైసా రాదు. కర్ణాటకలో వర్షాధార, నీటి వసతి పంటలను వేర్వేరుగా నమోదు చేసే వీలుంది కాబట్టి, బీమా కట్టేటప్పుడు కౌలు రైతు మొట్టమొదట చూసుకోవాల్సింది తన సర్వే నంబరు ఆ రెండింట్లో ఏ గడిలో పడిందన్నది. కౌలు కాగితం లేకపోతే ఆ గడి దాకా వెళ్లే దారే ఉండదు. జూన్‌లో బెంగళూరుకు వచ్చే ఆ ఫోన్‌కు విత్తనం పేరు చెప్పే ముందు తేలాల్సిన సంగతి అది.